ముప్ఫై ఒకటో మంచం

దీపస్తంభం ఆసుపత్రి అబద్ధం చెబుతోందని ఛాయ మూడో రోజునే పట్టేసింది.

ఛాయ అంటే మనిషి కాదు. కాకినాడ జగన్నాథపురంలో ఒక పాత బియ్యం గోదాము మేడ మీద ఉన్న గాజు బల్ల. కేరంబోర్డుకు రెండింతలు ఉంటుంది. దాని కింద పదహారు ఇనప పెట్టెలు వెచ్చగా మూలుగుతూ ఉంటాయి. ఒక ఆసుపత్రి పేరు చెబితే చాలు, ఆ గుమ్మం తొక్కకుండానే ఛాయ దాన్ని చదివేస్తుంది. దానికి కావలసినవి ఎవరికైనా దొరికే వివరాలే. కరెంటు ఆఫీసు వార్డు వార్డుకీ పెట్టి అందరికీ కనబడేలా వదిలిన మీటరు రీడింగులు, నీళ్ళ పన్ను, ఆక్సిజన్ ట్యాంకర్లు టోల్‌గేటు దాటిన వేళలు, ఆరోగ్య పథకం చెల్లింపుల పట్టిక, ఆసుపత్రుల చెత్త సంచుల బరువులు. అన్నిటినీ కలిపి నమిలి, ఆ ఆసుపత్రిని బల్ల మీద నీడలా నిలబెడుతుంది. గదులు, మంచాలు, మంచాల మీద మనుషులు. ఆసుపత్రి తన లెక్కల్లో చూపించిన రోగులు నీలం నీడలు. ఏ కాగితం మీదా లేకుండా ఆక్సిజన్ పీలుస్తూ, సూదులు పొడిపించుకుంటూ ఉన్నవాళ్ళు ఎర్ర నీడలు.

దీపస్తంభంలో నూట ఇరవై మంచాలు. బల్ల మీద ఇరవై ఒక్క ఎర్ర నీడలు.

"చూశారా మాస్టారూ," అంది నఫీసా, బల్ల అంచు మీద మోచేతులు ఆనించి. "ఇరవై ఒక్క మంది! ఒకరోజా రెండు రోజులా? నెల మొత్తం ఇంతే. వీళ్ళెవరు? ఎక్కణ్ణించొచ్చారు? డబ్బెటు పోతోంది?"

భీమశంకరం గారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. ముప్ఫై మూడేళ్ళు కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఒకప్పుడు మొదటి బెంచీలో కూర్చుని ఆయన తప్పులు పట్టిన ఈ పిల్లే ఛాయను కట్టింది. కట్టాక ఇంటికి వచ్చి, "రెండో సంతకానికి నాకు మిమ్మల్ని మించినవాళ్ళు లేరు మాస్టారూ" అని తీసుకొచ్చింది. ఒంటరిగా ఉన్న మనిషికి పని ఇస్తున్నానని అనకుండా, పనికి మనిషి కావాలని అడగడం ఆయనకు నచ్చింది.

"నగదు రోగులై ఉంటారు," అన్నారాయన. "రసీదు ఉండదు, పన్ను ఉండదు."

"అంతేనంటారా? నాకింకా పెద్ద అనుమానమే ఉంది. కొత్త మందులేవో ఎక్కించి చూస్తున్నారేమో. లేకపోతే పేర్లు దాచాల్సిన పనేముంది?"

ప్రభుత్వ నియమం సూటిగానే ఉంది. ఛాయ చూపించే తేడా మొత్తం మంచాల్లో ఐదు శాతానికి చేరిందంటే ఆ ఆసుపత్రి పేరు ఆరోగ్య పథకం జాబితాలోంచి పోతుంది. జాబితాలోంచి పోతే దీపస్తంభం ఆరు నెలలు నిలవదు. సర్కారు ఆసుపత్రిలో మంచం దొరకని ఉప్పాడ, తాళ్ళరేవు జనానికి ఇక దిక్కుండదు. అందుకే యంత్రం మాట ఒక్కటే చాలదు. పరిశీలకుడు స్వయంగా వెళ్ళి చూసి, పది రోజుల్లో నఫీసా సంతకం పక్కన రెండో సంతకం పెట్టాలి.

"నేను వెళ్ళడం బాగుంటుందా అమ్మా?" అన్నారు భీమశంకరం గారు. "మాణిక్యం పోయింది అక్కడే. నీకు తెలుసు కదా."

"ఈ ఊళ్ళో ఆసుపత్రితో సంబంధం లేని కొంప ఏది మాస్టారూ? వెళ్ళిరండి. మీ కళ్ళు నేను నమ్ముతాను."

ఇంటికి వెళ్ళి ఆయన ముందుగదిలో టేబుల్ ఫ్యాను స్విచ్చి వేశారు. అది మూలిగింది గాని కదల్లేదు. వేలు పెట్టి రెక్కను ఒక్క తోపు తోస్తే బద్ధకంగా మొదలై, కాసేపటికి బాగానే తిరిగింది. పాతికేళ్ళ నాటి ఫ్యాను. మాణిక్యం దాన్ని "మా ముసలాయన" అనేది. "మిమ్మల్నీ దాన్నీ ఒకరు తొయ్యకపోతే కదలరండీ" అని నవ్వేది.

బీరువా మీది బిస్కట్ల డబ్బా దింపి అందులోని ఆసుపత్రి బిల్లులు బయటికి తీశారు. నాలుగేళ్ళుగా దాచినవి. పెన్షనర్ల ఆరోగ్య కార్డు పోను ఆయన చేతి నుంచి కట్టింది తక్కువే. కాని ఒక వరుస మాత్రం ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. ప్రత్యేక నర్సింగు, పన్నెండు వందలు. మాణిక్యం పోయిన ఐదో రోజు, గడ్డం కూడా గీసుకోకుండా ఆ కౌంటరు దగ్గరికి వెళ్ళి ఈ ప్రత్యేకం ఏమిటని అరగంట వాదించారు. వాళ్ళు మారుమాట లేకుండా కొట్టేశారు. దాంతో ఆయన అనుమానం ఇంకా పెరిగింది. న్యాయమైన సొమ్మయితే అడగ్గానే ఎందుకు కొట్టేస్తారు?

మర్నాడు పదకొండింటికి దీపస్తంభం మెట్లెక్కారు. గుమ్మంలో వాచ్‌మన్ స్టూలు మీద నుంచి లేచి, "మూడో అంతస్తు దాకానా? లిఫ్టు పనిచెయ్యదండి, కాసేపు కూర్చుని ఎక్కండి" అని ఆ స్టూలే జరిపాడు. ఆయన కూర్చోలేదు. పరిశీలనకు వచ్చినవాడు స్టూళ్ళకు లొంగకూడదనుకున్నారు.

మూడో అంతస్తులో హెడ్ నర్సు సలోమి ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి, తెల్లచీర, మోచేతి దాకా మడిచిన చేతులు. ఆయన్ను చూడగానే ఆగింది.

"మాణిక్యం గారి మాస్టారు కదండీ! చిక్కిపోయేరేటండీ?"

"పని మీద వచ్చాను సిస్టర్. ఛాయ తరఫున."

ఆమె మొహంలో నవ్వు మాయమైంది. "ఓహో. అయితే రండి. అన్నీ చూసుకోండి."

చూసుకోమంటూనే వెంట నడిచింది. ఆయన ఎవర్ని ఏం అడిగినా రోగి నోరు తెరిచేలోపు తనే జవాబు చెప్పేసింది. రికార్డు ప్రకారం ఆ వార్డులో తొమ్మిది మంచాలు ఖాళీ. కళ్ళకు మాత్రం ఒక్కటే ఖాళీ కనబడింది. పదిహేడో మంచం మీద చేపలు పట్టే పల్లెకారు ముసలాయన ఒకడు, చేతికి సెలైను. మంచం కాళ్ళ దగ్గర కేస్‌షీటు తగిలించే కొక్కెం ఖాళీ. తలగడ కిందనుంచి చింపిన క్యాలెండరు కాగితం అంచు కనబడుతోంది. దాని వెనకవైపు పెన్సిలుతో అంకెలు ఉన్నాయి.

కిందనుంచి ఎవరో పిలిస్తే సలోమి మెట్ల దాకా వెళ్ళింది. భీమశంకరం గారు ముసలాయన దగ్గరికి వంగారు.

"పేరేమిటి పెద్దాయనా?"

"పోలయ్యండి. ఉప్పాడ."

"ఎప్పుడు చేరావు?"

"సేరడమేటి బాబూ, మంగళారమే డిచ్చార్జి అయిపోయేను."

"డిశ్చార్జి అయిపోతే ఇక్కడేం చేస్తున్నావ్?"

"తగ్గలేదు కదండీ!" అన్నాడు పోలయ్య, ఇంత చిన్న విషయం చదువుకున్నవాడికి తెలియదా అన్నట్టు.

సలోమి గబగబా తిరిగొచ్చింది. "పోలయ్యా, మాటాడకు. ఆయాసం వస్తాది." ఆ తర్వాత మాస్టారి వైపు తిరిగి, "మా చుట్టాలండి" అంది.

"ఇరవై ఒక్క మందీనా?"

ఆమె పోలయ్య సెలైను సరిచెయ్యడంలో పడింది. ఆసుపత్రి పెద్ద డాక్టరు నరహరి అయితే కుర్చీలోంచి లేవను కూడా లేదు. "కాగితం మీద ఏముందో అదే మా మాట. మీ బల్ల మీద ఏముందో అది మీ మాట. రాసుకోండి," అని కంప్యూటరు వైపు తిరిగిపోయాడు.

ఆటోలో వస్తూ భీమశంకరం గారు ఒక కథ అల్లుకున్నారు. కాగితం మీద ఇంటికి పంపేస్తారు. మనిషిని మంచం మీదే ఉంచేస్తారు. రేపు ఇంకో పేరుతో మళ్ళీ చేర్చుకుని పథకం దగ్గర రెండోసారి సొమ్ము రాబడతారు. కథ చక్కగా అతికింది. ఇంత చక్కగా అతికిన కథలు పరీక్ష పేపర్లలో తప్ప బయట చాలా అరుదని ఆయనకు తెలుసు. అయినా దానివైపే మొగ్గారు. పన్నెండు వందల ముల్లు ఇంకా లోపలే ఉంది.

కాని ఛాయ ఆ కథను ఒప్పుకోలేదు. నఫీసా పథకం చెల్లింపులన్నీ జల్లెడ పట్టింది. ఏ ఎర్ర నీడా తర్వాత నీలంగా మారి రెండోసారి సొమ్ము తేలేదు. ఎర్రగా ఉన్నవాళ్ళు కొందరు ఎర్రగానే మంచం దిగి వెళ్ళిపోయారు, కొందరు ఎర్రగానే ఆరిపోయారు.

"అయితే ఇదెప్పుడు మొదలైందో చూద్దాం," అన్నారు మాస్టారు. "వెనక్కి తిప్పమ్మా. కొత్తగా ఎవరైనా భాగస్వామి వచ్చిన నెలలో మొదలైతే దొంగ అక్కడే దొరుకుతాడు."

నఫీసా తిప్పి, టీ పెట్టడానికి పక్కగదిలోకి వెళ్ళింది. బల్ల మీద రోజులు వెనక్కి పరుగెత్తాయి. నీలం నీడలు లేవడం, పడుకోవడం. ఏ నెలలో చూసినా పదో, పదిహేనో ఎర్ర నీడలు. రెండేళ్ళ కిందట, మూడేళ్ళ కిందట. నాలుగేళ్ళ కిందటి జూన్ దగ్గర ఆయన చెయ్యి దానంతటదే ఆగింది.

మూడో అంతస్తు, కిటికీ పక్కన ముప్ఫై ఒకటో మంచం. మూడో తారీకున ఒక నీలం నీడ వచ్చి పడుకుంది. అరవై దాటిన స్త్రీ, నిమిషానికి నాలుగు లీటర్ల ఆక్సిజన్ అని పక్కన రాసి ఉంది. పధ్నాలుగు దాకా నీలమే. పదిహేనో తారీకున అదే నీడ, అదే మంచం మీద, అదే నాలుగు లీటర్లతో ఎర్రగా మారింది.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

ఆ నీడ పక్కన ఛాయ ఒక చిన్న ప్రశ్న వేలాడదీసింది. 'గుర్తు తెలియని పరికరం. రోజూ సాయంత్రం నాలుగింటికి. మొదట నాలుగైదు క్షణాలు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ తర్వాత తేలిగ్గా తిరుగుతుంది. ఏమిటో తెలిస్తే రాయండి.'

మాస్కు పెట్టుకుంటే మొహం ఉడికిపోతోందని మాణిక్యం అంటే ఇంటినుంచి రిక్షాలో పట్టుకెళ్ళారు దాన్ని. రోజూ నాలుగింటికి ఆయన వెళ్ళి స్విచ్చి వేసేవారు. "ఏవండీ, మా ముసలాయనకి ఓ చెయ్యి వెయ్యండి" అని మాస్కులోంచి గొణిగేది. ఆయన వేలుతో తోసేవారు. గాలి తగలగానే ఆమె కళ్ళు మూసుకునేది.

పదిహేను నుంచి ఇరవై మూడు దాకా తొమ్మిది రోజులు. పద్దెనిమిదిన అరముక్క ఇడ్లీ తింది. ఇరవయ్యో తారీకున పాపిడి తీయమంటే ఆయన వంకరగా తీశారు, అద్దంలో చూసుకుని "నలభై ఏళ్ళ కాపురంలో ఇదా నేర్చుకుంది" అంది. ఇరవై ఒకటిన కారణం లేకుండా చాలాసేపు ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. ఈ నాలుగేళ్ళూ ఆయన బతికింది ఆ తొమ్మిది రోజులను తలుచుకునే. ఇరవై మూడో తారీకు ఉదయం ఆ నీడ ఎన్నింటికి ఆరిపోయిందో యంత్రం ఆయనకు చెప్పనక్కరలేదు.

నఫీసా టీ తెచ్చేసరికి ఆయన లేరు.

ఇంట్లో బిస్కట్ల డబ్బా బోర్లించారు. బిల్లు మీద తేదీలు స్పష్టంగా ఉన్నాయి. చేరినది మూడు, డిశ్చార్జి పధ్నాలుగు. వందసార్లు చదివిన బిల్లే. ఉండకూడని వరుస కోసం వెతికారు గాని, ఉండాల్సిన వరుసలు లేవని ఒక్కసారీ చూడలేదు. పెద్ద బిల్లును అందరూ అనుమానిస్తారు. చిన్న బిల్లును ఆయనా అనుమానించలేదు. ఉన్న అంకెలను కాదు, లేని అంకెలను అడగండి అని ముప్ఫై మూడేళ్ళు పిల్లలకు చెప్పిన మనిషి.

సలోమి ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో దొరికింది. చెత్త వ్యాను వచ్చే వేళ. పసుపు సంచులు ఒక్కొక్కటే తూచి, వాటి మీది బార్‌కోడు గీతలను యంత్రానికి చూపిస్తోంది. ప్రతిసారీ అది కీచుమంటోంది.

"మాణిక్యాన్ని పధ్నాలుగునే డిశ్చార్జి చేసేశారా సిస్టర్?"

ఆమె తలెత్తలేదు. "చేసేం."

"మరి ఆ తొమ్మిది రోజులు?"

"ఉన్నారు కదండీ. మీరు రోజూ ఒచ్చి ఫ్యాను తిప్పేరు కదా."

"డబ్బు?"

"కార్డు మీద ఆ జబ్బుకి పన్నెండు రోజులేనండి. పదమూడో రోజున జబ్బు తగ్గిపోవాలని రూలు." ఇంకో సంచి తూచింది. "తగ్గనోళ్ళని కాయితం మీద ఇంటికి పంపుతాం. మనిషిని ఉంచేస్తాం. మందుల చీటీ క్యాలెండరు కాయితం మీద రాసుకుంటాం."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఉంచేవారా మీరు? లేనోళ్ళయితే ఓ దండం పెట్టి ఉంటారండి. మీలాంటి మాస్టార్లతోనే కష్టం. ఇల్లు తాకట్టు పెట్టైనా కడతానంటారు. లేదా అమ్మగారిని ఇంటికి తీసుకుపోతానంటారు. ఇంట్లో ఆక్సిజనేదండీ?"

అయినా ఆయన అనుమానాన్ని అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "మరి ఈ ఖర్చంతా ఎక్కణ్ణించి వస్తోంది?"

"ఏసీ గదులోళ్ళకి ఏదో ఒక పేరెట్టి ఎక్కువ రాస్తాం. ఒక రోజెక్కువ, లేదంటే ప్రత్యేక నర్సింగు." మొదటిసారి ఆమె కళ్ళు దించుకుంది. "తప్పేనండి. ప్రభువు ముందు నేనే చెప్పుకుంటాను. మీ బిల్లులోకి అది కౌంటరులో పొరపాటున పడింది. అందుకే అడగ్గానే కొట్టించేను."

కీచుమంది యంత్రం.

"దేంతో పట్టుకున్నారండీ మమ్మల్ని?" అని అడిగింది.

"ముఖ్యంగా వీటితోనే," అన్నారాయన సంచులు చూపించి. "కరెంటు, నీళ్ళు ఎలాగోలా సర్దుకోవచ్చు. ఇరవై ఒక్క మంది సూదులూ దూదీ మాత్రం ఈ బరువుల్లో రోజూ కనబడుతున్నాయి. మామూలు చెత్తలో కలిపేసి ఉంటే ఛాయకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు."

సలోమి నవ్వింది, ఏడుస్తున్నట్టు. "డాక్టరు గారు అదే అన్నారండి. చుట్టాల చెత్త మునిసిపాలిటీ తొట్టిలో పడేయమన్నారు. నేనే ఒప్పుకోలేదు. ఆ పాకీ అమ్మాయిలు ఉత్తి చేతుల్తో ఏరతారండి. ఓ సూది గుచ్చుకుంటే ఆళ్ళకేం గతి? అబద్ధం ఎంతైనా రాస్తాను గాని, సూది మాత్రం తొట్టిలో వెయ్యలేను."

"నువ్వు చెప్పేదంతా నిజమేనని నాకెలా తెలియాలి?"

"తెలీదండి," అంది సలోమి. "మీ బల్లకీ తెలీదు."

తొమ్మిదో రోజున ఆయన అంతా చెబుతుంటే నఫీసా కిటికీ దగ్గర నిలబడి వింది. ఆ తర్వాత విసురుగా తిరిగింది.

"అయితే నన్నేం చెయ్యమంటారు మాస్టారూ? జాలికి వేరే రంగు పెట్టమంటారా? దొంగలు ఎరుపు, దయగలవాళ్ళు ఆకుపచ్చ?"

"పెట్టలేవమ్మా. రెండింటికీ ఒకే కరెంటు ఖర్చవుతుంది. నీడ ఒకటే పడుతుంది."

"రేపు ఇంకో ఊళ్ళో నిజంగానే కిడ్నీలు కోస్తూంటారు. అక్కడా ఓ సిస్టరు తెల్లచీర కట్టుకుని ఓ మంచి మాట చెబుతుంది. నమ్మేద్దామా? మీరే కదా చెప్పారు, కథ చక్కగా ఉంటే అంకెని ఇంకోసారి చూడమని!"

"చెప్పాను."

"ఇది చక్కగా లేదా మరి?"

"చాలా చక్కగా ఉంది. అందుకే నాకూ భయంగా ఉంది." ఆయన బల్ల మీద ముప్ఫై ఒకటో మంచం చూపించారు. "కాని ఈ ఒక్క నీడ సంగతి నాకు తెలుసు. ఆ పరికరం మా టేబుల్ ఫ్యాను. వేలుతో తోస్తేగాని తిరగదు. తోసింది నేనే. ఇప్పటి ఇరవై ఒక్క మంది సంగతి నేను సాక్ష్యం చెప్పలేను. ఒకప్పటి ఈ ఒక్క మనిషి సంగతి చెప్పగలను."

ఛాయ అడిగిన ప్రశ్న కింద ఆయన తన చేత్తోనే రాశారు: టేబుల్ ఫ్యాను. నివేదికలో ఎర్ర నీడల సంఖ్య ఉన్నదున్నట్టు రాశారు. ఏసీ గదుల సంగతి కూడా రాశారు. చివర ఒక పేరా కలిపారు. ఈ పరిశీలకుడి భార్య ఆ ఆసుపత్రిలో తొమ్మిది రోజులు లెక్కలో లేకుండా ఉంది, ఆ మేలు పొందినవాడు కనక ఈ పరిశీలకుడి సంతకం చెల్లదు. సంతకం చోట అడ్డగీత గీశారు.

"మన మొదటి కేసు మాస్టారూ ఇది," అంది నఫీసా మెల్లగా. "దీన్ని మీరే చెడగొట్టారు." కోపంగానే అంది. కాని ఆయన టీ చల్లారిందని చూసి, ఏమీ అనకుండా వెచ్చబెట్టి తెచ్చింది.

పై అధికారులు ఆ అడ్డగీతతో ఇరుకున పడ్డారు. పరిశీలకుడు పక్షపాతి కనక మొదటి పరిశీలన హెచ్చరిక కింద లెక్క. నెల తర్వాత మళ్ళీ ఛాయ చూస్తుంది. ఈసారి నఫీసా ఒక్కతే సంతకం పెడుతుంది. పక్కన ఒక అధికారి ఉంటాడు. అప్పుడు తేడా ఐదు శాతానికి చేరితే ఇక మాట్లాడేది లేదు.

ఆ నెల మధ్యలో భీమశంకరం గారు ఆసుపత్రి కౌంటరుకు వెళ్ళి తొమ్మిది రోజుల బిల్లు ఇమ్మన్నారు. కౌంటరులో అమ్మాయి వెతికింది, మళ్ళీ వెతికింది. "ఆ తేదీల్లో ఆ పేరుతో ఎవరూ లేరండి," అంది జాలిగా. దాంతో మర్నాడు ఆయన టేబుల్ ఫ్యానును తువ్వాల్లో చుట్టి ఆటోలో పెట్టి తీసుకొచ్చారు. వాచ్‌మన్ స్టూలు జరిపితే ఈసారి కూర్చున్నారు.

మూడో అంతస్తులో వార్డు వెలితిగా ఉంది. పదిహేడో మంచం మీద దుప్పటి నలగలేదు.

"పోలయ్యేడీ?"

"ఇంటికెళ్ళిపోయాడండి," అంది సలోమి.

"తగ్గిందా?"

ఆమె ఫ్యాను మీది దుమ్ము తుడిచింది. "రూలు మేమూ చదువుకున్నామండి. నూట ఇరవైకి ఐదు శాతం అంటే ఆరుగురు. ఆరో మనిషిని ఉంచితే అందరికీ తలుపులు మూసేస్తారు. అందుకని ఐదుగుర్ని ఉంచేం. ఐదుగురు ఎవరని నేనే కూర్చుని రాసేను మాస్టారూ. పదహారు పేర్లు కొట్టేసేను." ఫ్యాను తీగ మడిచి పక్కన పెట్టింది. "ఇదెక్కడ పెట్టమంటారు?"

"కిటికీ పక్కన. వేలుతో తొయ్యాలి, మర్చిపోకు."

నెల తిరిగింది. సాయంత్రం నాలుగు కావస్తూండగా నఫీసా బల్ల వెలిగించింది. అధికారి వెనక నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. భీమశంకరం గారు దూరంగా, గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆయనకు ఇక్కడ ఇప్పుడు ఏ హక్కూ లేదు.

దీపస్తంభం నీడ లేచి నిలబడింది. నీలం నీడలు. ఎర్ర నీడలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. తేడా నాలుగు శాతం చిల్లర. అనుమతించిన పరిధిలో ఉంది, అని ఛాయ రాసింది. మిగిలిన మంచాలు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. అందులో పదిహేడోది కూడా ఉంది.

"బాగుపడ్డారన్నమాట," అన్నాడు అధికారి. "భయం ఉండాలండి ఎవరికైనా. పెట్టమ్మా సంతకం."

నఫీసా కలం తీసింది. సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు కిటికీ పక్కన, ఏ నీడా లేని ముప్ఫై ఒకటో మంచం దగ్గర, ఒక చిన్న వెలుతురు బిగుసుకుంది. నాలుగైదు క్షణాలు అలాగే ఉంది. ఆ తర్వాత తేలిగ్గా తిరగడం మొదలెట్టింది. పక్కన ఛాయ రాసుకుంది: టేబుల్ ఫ్యాను. రోగి లేరు.

ఆక్సిజన్ లేదు, సెలైను లేదు, సూది లేదు, పసుపు సంచీ లేదు. మందులతో ఇక పనిలేని, చివరి రోజుల్లో ఉన్న మనిషి ఎవరో. ఛాయకు కనబడాలంటే ఏదో ఒకటి వాడాలి. ఆ మనిషి వాడుతున్నది ఒక మంచం, కాస్త గాలి.

భీమశంకరం గారు కుర్చీ అంచుకు జరిగారు. ఆరో మనిషి.

నఫీసా కలం ఆగిపోయింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"మాస్టారూ, ఆ ఫ్యాను వేలుతో తోస్తేగాని తిరగదన్నారు కదా?"

ఆయన జీవితంలో తెలిసి పిల్లలకు తప్పు జవాబు చెప్పలేదు. "అవునమ్మా."

"ఇప్పటికీనా?"

"ఇప్పటికీ."

గోదాము కింద ఎవరో బస్తాలు దించుతున్నారు. "ఏమైనా ఉందామ్మా?" అని అధికారి బల్ల మీదికి వంగాడు.

నఫీసా ఆ వెలుతురు వంక ఇంకోసారి చూసింది.

"ఏం లేదండి," అంది. "పాత ఫ్యాను. ఛాయ అక్కడ మనిషి లేడంటోంది."

సంతకం పెట్టి కాగితం ఆయన చేతికిచ్చింది. అధికారి మెట్లు దిగిపోయాక కూడా బల్ల ఆర్పలేదు. ఆమె చూపుడువేలు గాజు మీద, ఆ చిన్న వెలుతురు పక్కకి జరిగి, దేన్నో తోస్తున్నట్టు ఒక్కసారి కదిలింది.